క్రిస్మస్‌కి కుక్కపిల్ల కావాలంటోంది పాప: ఇప్పుడే తేవాలా, ఆగాలా?

గుంటూరు_మూడో_అంతస్తు

అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. క్రిస్మస్ తాతకు రాసిన ఉత్తరంలో ఈసారి బొమ్మ లేదు, సైకిలు లేదు. "నాకు కుక్కపిల్ల కావాలి, నేనే చూసుకుంటాను" అని ఒక్క వాక్యం. కాదనాలని లేదు. తొందరపడి తెచ్చి ఆ ప్రాణిని ఇబ్బంది పెట్టాలనీ లేదు. పండక్కి ఇంకా నాలుగు వారాలుంది.

ఇంటి సంగతులు చెబుతాను. మూడో అంతస్తు, అద్దె ఫ్లాట్, లిఫ్టు ఉంది. చిన్న బాల్కనీ. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు వెళ్తే ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఇంట్లో మా అమ్మ ఒక్కతే. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, చలికాలం కాస్త ఆయాసం. సంక్రాంతికి అయిదు రోజులు ఊరెళ్తాం.

ఒకాయన "45 రోజుల ల్యాబ్రడార్ పిల్లలు, 24 సాయంత్రం ఇంటికి తెచ్చిస్తాం" అని ఫొటోలు పంపాడు, సగం డబ్బు ముందు వేయమంటున్నాడు. తీసుకోవచ్చా? మా ఇంటికి ఏ రకం కుక్క సరిపోతుంది? టీకాలు, తిండి, ఒంటికి రెంటికి అలవాటు చేయడం గురించి తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

మూగజీవి_వైద్యం

ముందు ఆ 45 రోజుల మాట. డబ్బు వేయకండి. ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ చేసుకుని ఉండాలి. డిసెంబరు 25న ఎనిమిది వారాలు నిండాలంటే ఆ పిల్ల అక్టోబరు 30కల్లా పుట్టి ఉండాలి. 45 రోజులని అమ్మేవాడే చెప్పుకుంటున్నాడంటే నిబంధన మీరుతున్నట్టు తనే ఒప్పుకుంటున్నాడు. ఆ వయసుకూడా నిజమో కాదో చెప్పలేం. పండగ ముందు గిరాకీ ఉంటుంది కాబట్టి ముప్పై అయిదు రోజుల పిల్లను కూడా 45 అనేస్తారు.

ఎనిమిది వారాలెందుకు అంటే: ఆరో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్ల తల్లితోనూ తోబుట్టువులతోనూ ఆడుతూ కొరుకుడుకు హద్దు నేర్చుకుంటుంది. గట్టిగా కొరికితే అవతలి పిల్ల కేరుమని ఆట ఆపేస్తుంది, తల్లి పక్కకు నెడుతుంది. ఆ పాఠం అందని పిల్ల మీ పాప చేతుల మీద నేర్చుకోవాల్సి వస్తుంది. చిన్న వయసులో ఎడబాపిన పిల్లల్లో భయం, అతిగా అరవడం, విరేచనాలు ఎక్కువ.

వయసు పట్టుకోవడానికి నోరు తెరిచి చూడండి. కుక్కకు పాలపళ్లు మొత్తం 28. ఎనిమిది వారాలకు అవన్నీ వచ్చేసి ఉండాలి. ముందు పళ్లు, కోరపళ్లు మాత్రమే కనిపించి బుగ్గ వైపు చిగుళ్లు ఖాళీగా ఉంటే అది ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల.

టీకా కార్డు చూసేటప్పుడు సీసా మీద నుంచి ఒలిచి అంటించిన స్టిక్కరు, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. "టీకా అయిపోయింది" అని పెన్నుతో రాసి ఉంటే వేయనట్టే లెక్క పెట్టుకుని మొదటి నుంచి వేయించాలి.

టీకాల లెక్క ఇలా ఉంటుంది. పార్వో (వాంతులు, నెత్తురు విరేచనాల జబ్బు), డిస్టెంపర్, కామెర్లు, లెప్టో వగైరా అంటుజబ్బులకు కలిపి వేసే సూదిని క్లినిక్కుల్లో సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అంటారు. మొదటిది 6–8 వారాల మధ్య. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా. "ఇన్నిసార్లు ఎందుకు, డాక్టరు డబ్బుల కోసమే" అని చాలామంది రెండోదానితో ఆపేస్తారు. తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పని చేయనివ్వదు. అది ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో బయటికి తెలియదు. అందుకే వరసగా వేసుకుంటూ వెళ్తాం, ఆఖరిది పదహారు వారాలకు పడటం అన్నిటికన్నా ముఖ్యం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, మళ్లీ ఏడాదికి, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం రోజు, మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మొదటి సూదికి మాత్రం జులై దాకా ఆగకండి.

నులిపురుగుల మందు ఎనిమిది వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ తూకం వేయించాలి. ఇంట్లో తూచాలంటే మీరు పిల్లను ఎత్తుకుని ఒకసారి, దింపి ఒకసారి మిషన్ ఎక్కి తేడా చూడండి.

జ్వరం వచ్చిందని మనుషుల మాత్రలు ఇవ్వవద్దు. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ కుక్కలకు విషమవుతాయి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. మీకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి దూరమేమీ కాదు. పెద్ద సమస్య వస్తే అక్కడికి తీసుకెళ్లవచ్చు.

షెల్టర్_ఆదివారం

పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూ, తేదీ గురించి నా మాట. డిసెంబరు 25 కుక్కపిల్లకు ఇంట్లో మొదటి రోజు కావడానికి ఏడాది మొత్తంలో అనువుగాని రోజు. సెమీ క్రిస్మస్ నుంచే ఇంటికి జనం మొదలవుతారు. రాత్రిళ్లు డప్పులతో క్యారల్స్ వాళ్లు వస్తారు. 24 రాత్రి, 25 ఉదయం అందరూ చర్చిలో ఉంటారు. వారానికి 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన, బయట టపాకాయలు. ఆ తర్వాత రెండు వారాలకు మీరు ఊరెళ్తారు. తల్లిని వదిలి వచ్చిన పిల్లకు మొదటి పది రోజులు నిశ్శబ్దం, ఒకే వేళకు తిండి, అవే నలుగురు మొహాలు కావాలి. ఈ మూడింటిలో ఒక్కటీ ఆ పదిరోజుల్లో దొరకదు.

బ్రిటన్‌లో డాగ్స్ ట్రస్ట్ అనే సంస్థ 1978లోనే "కుక్క జీవితకాలానికి, క్రిస్మస్‌కి మాత్రమే కాదు" అని ప్రచారం మొదలుపెట్టింది. పండగ కానుకగా వచ్చిన పిల్లలు పండగ అయ్యాక వీధిన పడటం అక్కడ అంత మామూలైపోయింది కాబట్టి.

అలాగని పాప కోరికను పక్కన పెట్టమనడం లేదు. మంచి కోరిక. సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక, జనవరి 20 ప్రాంతంలో తెచ్చుకోండి. లెక్క చూడండి: నవంబరు 25 ప్రాంతంలో పుట్టిన పిల్లకు జనవరి 20కి ఎనిమిది వారాలు నిండుతాయి. అంటే మీ ఇంటికి రాబోయే పిల్ల ఈపాటికి ఎక్కడో పుట్టే ఉండాలి. ఫిబ్రవరి 17కి పన్నెండు వారాలు, రేబిస్ సూది వేళ. మార్చి 17కి పదహారు వారాలు, ఆఖరి టీకా. ఇంకో పది రోజులు ఆగి రోడ్డు మీద నడిపించవచ్చు. ఎండలు ముదిరేలోపు బయటికి వెళ్లే అలవాటు కుదురుతుంది.

ఇంకో సంగతి. వానలు వెనకబట్టాక, చలికాలంలో మన వీధికుక్కలు ఎక్కువగా ఈనుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఏ సందులో చూసినా పిల్లలే. డబ్బు పెట్టి కొనే ముందు వాటి వైపు చూడండి. మన ఊరకుక్క పెద్దయితే 15 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది, పొట్టి వెంట్రుకలు, ఎండకు తట్టుకుంటుంది, చర్మరోగాలు తక్కువ. వీధి పిల్లను తెస్తే మాత్రం ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచి, రోజూ వెళ్లి తల్లికి తిండి పెట్టండి. తల్లి ఆరోగ్యంగా ఉంటేనే పిల్ల గట్టిగా ఉంటుంది.

విశాఖ వైపు వీఎస్‌పీసీఏ, హైదరాబాదులో బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో దత్తత ఇస్తారు. వెళ్లేటప్పుడు ఇంటి పెద్దవాళ్లు గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లాలి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం ఉంటే మంచిది.

మీ ఇంటి పరిస్థితికి ఇంకో దారి కూడా చెబుతాను: రెండు మూడేళ్ల పెద్ద కుక్క. పగలంతా మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు ఒక్కరే ఉండే ఇంట్లో రెండు నెలల పిల్లను గంటకోసారి శుభ్రం చేయడం కష్టం. పెద్ద కుక్క ఎంత పెరుగుతుందో, పిల్లలతో ఎలా ఉంటుందో ముందే తెలుస్తుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, టీకాలు చాలావరకు అప్పటికే అయి ఉంటాయి. నాలుగైదు గంటలు ఒంటరిగా పడుకుంటుంది. పాపను తీసుకెళ్లి మూడు వారాలు వరసగా ఆదివారాలు అదే కుక్కతో గడపనివ్వండి. అమ్మగారిని కూడా ఒకసారి తీసుకెళ్లండి. కుక్క పక్కన గంటసేపు కూర్చున్నాక, ఆ రాత్రి ఆయాసం పెరుగుతుందో లేదో చూసుకుంటే కుక్కను తెచ్చాక తిరిగి పంపాల్సిన పరిస్థితి రాదు. ఫలానా జాతి వల్ల ఎలర్జీ రాదని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మకండి. కుక్క ఉమ్మి, చర్మపు పొట్టు వల్ల ఎలర్జీ వస్తుంది, అవి లేని జాతి లేదు.

బెల్టు_గొలుసు

జాతుల గురించి అడిగారు. గుంటూరు ఎండ, మూడో అంతస్తు, పగలు పెద్దావిడ ఒక్కరే. ఈ మూడూ పెట్టుకుని చూస్తే ముందు వద్దనాల్సినవి చెబుతాను. హస్కీ వద్దు, మంచుదేశపు రెండు పొరల బొచ్చు. పగ్ వద్దు, మూతి చప్పిడి కాబట్టి రొప్పి ఒంటి వేడి తగ్గించుకోలేదు, వేసవిలో వడదెబ్బకు ముందు పోయేది అదే. జర్మన్ షెపర్డ్ తొమ్మిదేళ్ల పిల్ల ఆపగలిగే కుక్క కాదు. ల్యాబ్ మంచి స్వభావమే, పెరిగితే 25 నుంచి 35 కిలోలు, రోజుకు రెండు పూటలా బాగా నడిపించాలి, ఏడాదిన్నర దాకా ఇంట్లో ఏది దొరికితే అది నములుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని సంతోషంతోనే పడేయగలదు. బీగిల్ చిన్నదే, గొంతు మాత్రం పెద్దది, పక్క ఫ్లాట్ల వాళ్లతో గొడవ. మనవాళ్లు పామేరియన్ అని పిలిచే ఇండియన్ స్పిట్జ్ ఫ్లాటుకు కుదురుతుంది, రోజూ దువ్వాలి. నన్నడిగితే ఊరకుక్కే, అందులోనూ ఆడపిల్ల.

ఇక ఒంటికి రెంటికి అలవాటు. ఆఖరి టీకా అయ్యేదాకా కిందికి దించి వీధికుక్కలు తిరిగే చోట నడిపించకూడదు కాబట్టి బాల్కనీలోనే చోటు చూపించాలి. ఒక మూల పెద్ద ప్లాస్టిక్ ట్రే, అందులో పాత పేపర్లు నాలుగు మడతలు. పిల్లను అక్కడికి తీసుకెళ్లాల్సిన వేళలు: నిద్ర లేవగానే, తిన్న పావుగంట ఇరవై నిమిషాలకు, ఆడాక, పడుకునే ముందు. వీటికి తోడు మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. రాత్రి పన్నెండుకోసారి, మూడింటికోసారి మీలో ఎవరో ఒకరు లేవాలి. మూడు నెలలు దాటాక ఒకసారి చాలు.

పని అవుతుండగా మాట్లాడకండి, అయిన వెంటనే అక్కడే ఒక చిన్న ముక్క ఉడికిన చికెన్ పెట్టండి. లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. పిల్ల ఒంటికి పోసి తడిపిన పేపరులోంచి చిన్న ముక్క కొత్త పేపర్ల కింద ఉంచితే ఆ వాసనకు మళ్లీ అక్కడికే వెళ్తుంది. హాల్లో పోస్తే ముక్కు పట్టి రుద్దడం, కొట్టడం చేశారంటే మీ ముందు పోయకూడదని మాత్రమే నేర్చుకుంటుంది, మంచం కింద, సోఫా వెనక మొదలవుతుంది. తుడిచేటప్పుడు అమోనియా ఉన్న క్లీనర్లు వాడొద్దు, ఆ వాసన మూత్రం వాసనలాగే ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఒకటికి ఒకటి నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి ఆరబెట్టండి. ఫినాయిల్ పెట్టిన నేల ఆరేదాకా పిల్లను రానివ్వొద్దు, కాళ్లు నాకుతుంది.

కొరుకుడు గురించి పాపకు ముందే చెప్పి ఉంచాలి. పాలపళ్లు నాలుగో నెల నుంచి ఊడి ఆరో నెలకు కొత్తవి వస్తాయి, అప్పటిదాకా చిగుళ్లు దురద. చేతితో ఆడకూడదు. చెయ్యి బదులు తాడు అందించాలి. పళ్లు చర్మానికి తగలగానే చేతులు కట్టుకుని చెట్టులాగా కదలకుండా నిలబడాలి. పరిగెత్తినా అరిచినా దానికి ఆట పెరుగుతుంది.

ఇంట్లో నాలుగు కట్టుబాట్లు: తింటున్నప్పుడు ముట్టుకోకూడదు, నిద్రలో ముట్టుకోకూడదు, మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోకూడదు, తన మూలకు వెళ్లి పడుకుంటే పిలవకూడదు. ఇష్టం లేదని కుక్క చెప్పే తీరు కూడా పాపకు నేర్పండి. మొహం పక్కకు తిప్పడం, ఆకలి లేకపోయినా పెదవులు నాకడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం, ఒళ్లు బిగపట్టడం. గుర్రుమనడం ఈ వరసలో చివర వస్తుంది. గుర్రుమన్నందుకు కొడితే అది మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

అసోసియేషన్_పనులు

మీది అద్దె ఇల్లు కాబట్టి రెండు విషయాలు విడిగా చూడండి. పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే హక్కు, లిఫ్టు వాడొద్దనే హక్కు అపార్ట్‌మెంట్ సంఘాలకు లేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. కుక్క అరుపు కారణం చెప్పి నిషేధించడం కూడా కుదరదు. కానీ ఓనరుతో మీ అగ్రిమెంటులో పెంపుడు జంతువులు వద్దని రాసి ఉంటే అది వేరే తగాదా. పిల్లను తెచ్చాక అడగడం కన్నా ముందే అడిగి ఒక మెసేజ్ రూపంలోనైనా ఒప్పుదల తీసుకోండి.

మున్సిపల్ కార్పొరేషన్‌లో లైసెన్సు గురించి అడగండి, రేబిస్ టీకా కార్డు లేనిదే ఇవ్వరు. లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకోవాలి, మెట్ల మీద చేసినా వెంటనే తుడవాలి. పక్క ఫ్లాట్ల వాళ్లకు పిల్ల రాకముందే ఒక మాట చెప్పి ఉంచితే మొదటి వారం రాత్రి ఏడుపులకు తలుపు కొట్టరు.

గుంటూరు_మూడో_అంతస్తు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆ 45 రోజుల పిల్లలాయనకు వద్దని చెప్పేశాను. జనవరి 20 మాట ఇంట్లో అందరికీ నచ్చింది. ఓనరుగారిని రేపు అడుగుతాను.

ఇంకా మూడు సందేహాలు. ఒకటి, 25 ఉదయం లేచేసరికి పాప దిండు పక్కన ఏం పెట్టాలి? ఉత్తరం రాసిన పిల్ల కదా. రెండు, మా చుట్టాలు "కుక్క వద్దు, అప్పటిదాకా ఓ రామచిలుకనో తాబేలునో తెచ్చివ్వు" అంటున్నారు. మూడు, తిండి. ఇంట్లో పెరుగన్నం పెడితే సరిపోతుందా? వేసవి సెలవులదాకా ఆగితే పాపకు ఖాళీ ఉంటుంది కదా అని కూడా మా ఆవిడ ఆలోచన.

పిట్టగోడ

రామచిలుక సంగతి వెంటనే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పంజరంలో పెంచడం నేరం. మైనా, నక్షత్ర తాబేలు కూడా అంతే. సంతలో అమ్ముతున్నారు కాబట్టి కొనవచ్చని అనుకుంటారు. గూళ్లలోంచి కళ్లు తెరవని పిల్లలను తీసి, రెక్కలు కత్తిరించి తెస్తారు, దారిలోనే చాలా పోతాయి. పాపకు ఇవ్వాల్సిన కానుక కాదు. లవ్ బర్డ్స్, చేపలు పెంచుకోవచ్చు గానీ కుక్క కోసం ఎదురుచూస్తున్న పిల్లకు అవి బదులు కావు. ఇంకో రెండు ప్రాణాలకు చాకిరీ పెరుగుతుంది, అంతే.

మూగజీవి_వైద్యం

తిండి. పెరుగన్నం, పాలన్నం మీద పెరిగిన పిల్లలను క్లినిక్కులో రోజూ చూస్తాం: పొట్ట పెద్దది, కాళ్లు వంకర, వెంట్రుక గరుకు. పెరిగే పిల్లకు మాంసకృత్తులు కావాలి, కాల్షియం, ఫాస్ఫరస్ సరైన పాళ్లలో కావాలి. అన్నంలో అవి లేవు. ఇంకో వైపు ఎముక లేని చికెన్ మాత్రమే పెట్టినా కాల్షియం అందక ఎముకలు పల్చబడి, సోఫా మీద నుంచి దూకితే విరుగుతాయి. చేతకాని వంట కన్నా పిల్లల కోసం తయారయ్యే మంచి పొడి మేత నయం. ఇంట్లో వండితే ఉడికించిన చికెన్ లేదా గుడ్డు సగం, మిగతా సగంలో అన్నం ఎక్కువ, గుమ్మడి, క్యారెట్ కొంచెం. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకూడదు. కాల్షియం ఎంత కలపాలో డాక్టరు బరువు చూసి చెబుతారు. ఆవు, గేదె పాలు చాలా పిల్లలకు పడవు, నీళ్ల విరేచనాలవుతాయి. కాస్త పెరుగు పరవాలేదు.

రెండు నెలల పిల్లకు రోజుకు నాలుగు పూటలు, నాలుగో నెల నుంచి మూడు, ఆరో నెల నుంచి రెండు. తెచ్చిన మొదటి మూడు రోజులు అంతకుముందు తిన్నదే పెట్టండి. మారుస్తుంటే వారం రోజుల్లో పావు, సగం, ముప్పావు చొప్పున కొత్తది పెంచండి. మేత ఖర్చుకు లెక్క ఇది: పెద్ద ల్యాబ్‌కు రోజుకు 350 గ్రాములనుకుంటే 15 కిలోల బస్తా 42 రోజులొస్తుంది. ఊరకుక్కకు దాంట్లో సగం, కాస్త పైన. బస్తా ధర చూసుకుని ఏడాదికి గుణించండి. ఆ లెక్కకు టీకాలు, పిడుదుల మందు, ఆపరేషన్ కలపండి.

పార్వో గురించి ఒక హెచ్చరిక. పిల్ల తిండి మానేసి, వాంతులు మొదలై, నెత్తురు కలిసిన కంపు విరేచనాలైతే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రేపు చూద్దామంటే నీరు ఆరిపోయి పోతుంది. ఈ క్రిమి నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మీ చెప్పుల ద్వారా కూడా ఇంట్లోకి వస్తుంది, అందుకే చెప్పులు గుమ్మం బయటే. ఇంతకుముందు ఆ ఇంట్లో పార్వోతో ఏదైనా కుక్క పోయి ఉంటే నేలను ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లతో పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. మామూలు ఫినాయిల్‌కు ఇది చావదు.

పిడుదులు, మీవైపు గోమార్లంటారేమో, చెవి మడతల్లోనూ వేళ్ల సందుల్లోనూ రోజూ చూడండి. అవి ఎక్కించే జ్వరంలో రక్తకణాలు పడిపోతాయి. పురుగుమందులు, కిరసనాయిలు పూయకండి.

పాప విషయం. కుక్కపిల్ల పళ్లు పాపకు దిగినా, గీరినా, రెండు నెలల పిల్లే కదా అని వదిలేయవద్దు. వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగి, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. పసరు, కారం, సున్నం రాయకూడదు. చిన్న కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండవచ్చు. ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు, కరిచిన రోజే మొదలుపెట్టి వేయించుకున్న సూదులే కాపాడతాయి.

షెల్టర్_ఆదివారం

వేసవి సెలవుల దాకా ఆగాలన్న ఆలోచనలో ఒక న్యాయం ఉంది, పాపకు ఖాళీ. కానీ మే నెలలో గుంటూరులో పగలు కొన్ని రోజులు 44, 45 డిగ్రీల దాకా వెళ్తుంది. ఎనిమిది వారాల పిల్లకు ఆ వేడి తట్టుకునే శక్తి తక్కువ. జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచేసరికి పిల్లకు మూడు నాలుగు నెలలు, టీకాలు పూర్తికావు, రోజంతా తనతో ఆడిన మనిషి ఒక్కసారిగా మాయమవుతుంది. అప్పుడే తలుపులు గీకడం, అరవడం మొదలవుతుంది. జనవరిలో వస్తే బడి ఉన్న రోజుల క్రమానికే అలవాటు పడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి అయిదారు నెలల కుక్క. నడక తెల్లవారుజామున ఆరులోపు, రాత్రి ఏడున్నర తర్వాత. రోడ్డు మీద మీ చెయ్యి వెనకభాగం ఏడు సెకన్లు ఆన్చి చూడండి, ఆనకపోతే దాని పాదాలూ కాలతాయి.

పగలు అమ్మగారికి సాయం లేకుండా మాత్రం జనవరిలోనూ పిల్ల వద్దు. మొదటి రెండు వారాలు మీరొకరు, మీ ఆవిడొకరు వారం చొప్పున సెలవు పెట్టగలరా చూడండి. ఆ తర్వాత ఆరు వారాలు మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి ఎవరో ఒకరు వచ్చి పేపర్లు మార్చి తిండి పెట్టాలి. ఆ మనిషి దొరకకపోతే పెద్ద కుక్క దత్తతే తీసుకోండి. బాల్కనీ కమ్మీల మధ్య ఖాళీ పిల్ల తల పట్టేంత ఉంటే తెచ్చే ముందే వల కట్టించండి.

బెల్టు_గొలుసు

25 ఉదయం దిండు పక్కన పెట్టడానికి. ఒక అట్టపెట్టె తీసుకోండి. అందులో అడుగు బరువుగా ఉండి ఒరగని స్టీలు గిన్నెలు రెండు, మెత్తటి నైలాన్ మెడబెల్టు, అయిదడుగుల తేలికైన గొలుసుతాడు, రబ్బరు దువ్వెన, నమిలే తాడు, రెండొందల పేజీల నోటు పుస్తకం, ఒక పాత దుప్పటి. బెల్టు కొనేటప్పుడు మెడకూ దానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, పిల్ల పెరుగుతుంది కాబట్టి రంధ్రాలు ఎక్కువున్నది చూడండి. వారానికోసారి వదులు చేయకపోతే మెడ కోసుకుపోతుంది.

దానితో క్రిస్మస్ తాత జవాబు ఉత్తరం. "ప్రాణం ఉన్నదాన్ని నేను మూటలో వేసి తేను, దానికి ఊపిరాడదు. నీ కుక్కపిల్ల ఇప్పుడు వాళ్లమ్మ దగ్గర పాలు తాగుతోంది. సంక్రాంతి అయ్యాక మీ అమ్మానాన్నలతో వెళ్లి తెచ్చుకో. అప్పటిదాకా ఈ పుస్తకం నింపు" అని మీ చేతిరాత కాకుండా వేరే ఎవరితోనైనా రాయించండి. తారీఖు కూడా రాయాలి. తారీఖు లేని మాట తొమ్మిదేళ్ల పిల్లకు "లేదు" లాగే వినిపిస్తుంది.

పుస్తకంలో ఏం నింపాలంటే: పండగ మర్నాడు నుంచి సంక్రాంతి ప్రయాణం దాకా రోజూ ఉదయం ఆరుకు లేచి తాడు చేత్తో పట్టుకుని మీతో పదిహేను నిమిషాలు నడవాలి. రెండు గిన్నెలు కడిగి నీళ్లు మార్చాలి. తన బూట్లు, రంగు పెన్సిళ్లు, రబ్బర్లు నేల మీద లేకుండా రాత్రి ఎత్తిపెట్టాలి. చేసినవాటికి టిక్కు. తప్పిన రోజులకు కోప్పడకండి, దాన్నిబట్టి కుక్కను రద్దు చేస్తామని బెదిరించకండి. ఏ పని పాప వల్ల అవుతుందో, ఏది మీ నెత్తిన పడుతుందో తెలుసుకోవడానికే ఈ పుస్తకం. తొమ్మిదేళ్ల పిల్ల నీళ్లు మార్చగలదు, దువ్వగలదు, "కూర్చో" నేర్పగలదు. ఒంటరిగా రోడ్డు మీద నడిపించలేదు, రాత్రి మూడింటికి లేవలేదు, జబ్బు గుర్తుపట్టలేదు. "నేనే చూసుకుంటాను" అని ఉత్తరంలో రాసినా కుక్క మీ ఇద్దరి బాధ్యత, పదిహేనేళ్ల దాకా. పాప ఇంటర్, డిగ్రీ చదువులకు ఊరు వదిలాక కూడా.

మూగజీవి_వైద్యం

ఇది చదివేవాళ్లలో ఇప్పటికే కుక్క ఉన్న ఇళ్లవాళ్లు ఉంటారు కాబట్టి పండగ జాగ్రత్తలు. ప్లమ్ కేకులో కిస్‌మిస్, ఎండుద్రాక్ష ఉంటాయి. ద్రాక్ష ఏ రూపంలో తిన్నా కొన్ని కుక్కలకు కిడ్నీలు దెబ్బతింటాయి, ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పగలిగే మోతాదు లేదు. డార్క్ చాక్లెట్ మూడు కిలోల పిల్లకు పది పదిహేను గ్రాములే ఇబ్బంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అరగంటలో షుగర్ పడగొడుతుంది. బిర్యానీలో ఉల్లిపాయ, ఉడికి పెళుసెక్కిన కోడి ఎముకలు. చెట్టుకు వేలాడే మెరుపు దారాలు మింగితే పేగులు చుట్టుకుంటాయి, ఆపరేషన్ తప్పదు. స్టార్‌కు, సీరియల్ బల్బులకు వెళ్లే తీగలు నేల మీద నుంచి మూడడుగుల పైకి కట్టండి.

తినేసిందని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, ఉప్పే విషమవుతుంది. ఏం తిన్నది, ఎంత, ఎన్నింటికి అన్నది రాసుకుని, కవరు పట్టుకుని రెండు గంటల్లోపు డాక్టరు దగ్గరికి. టపాకాయల రాత్రి కిటికీలు మూసి, లోపలి గదిలో ఫ్యాను, టీవీ శబ్దం పెట్టి, మెడకు బెల్టు ఉంచండి. భయపడి పారిపోయిన కుక్క మెడలో ఫోన్ నంబరు లేకపోతే తిరిగి దొరకడం కష్టం.

గుంటూరు_మూడో_అంతస్తు

ఓనరుగారు ఒప్పుకున్నారు, మెసేజ్ తీసి పెట్టుకున్నాను. మధ్యాహ్నాలకు మా పై అంతస్తు అమ్మాయి వస్తానంది, పన్నెండుకు, మూడింటికి. ఈ ఆదివారం అమ్మనూ పాపనూ తీసుకుని, కుక్క ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్లి గంట కూర్చుని వస్తాం. మా వీధి చివర పాల కేంద్రం వెనక ఒక తల్లి నాలుగు పిల్లలను పెట్టింది, ఇంకా కళ్లు తెరవలేదు. తల్లికి ఏం పెట్టాలి, పిల్లలను ఎప్పటినుంచి చేత్తో పట్టుకోవచ్చు?

షెల్టర్_ఆదివారం

కళ్లు తెరవలేదంటే రెండు వారాల లోపు పిల్లలు. జనవరి 20కి మీ లెక్కకు దగ్గరగా సరిపోతాయి. తల్లికి రోజూ ఒకే వేళకు అన్నంలో ఉడికిన గుడ్డు లేదా చికెన్ కాళ్లు, తలలు ఎముక తీసేసి కలిపి పెట్టండి, పక్కన నీళ్లు. పాలిచ్చే తల్లి మామూలుకన్నా రెండింతలు పైగా తింటుంది. పెట్టి ఆరడుగులు వెనక్కి రండి. మూడో వారం దాకా పిల్లల దగ్గరకు పాపను పంపవద్దు, తల్లి కరుస్తుంది. తల్లి మీకు అలవాటు పడ్డాక, నాలుగో వారం నుంచి మీరు పక్కన ఉండి రోజుకు అయిదు నిమిషాలు పట్టుకోనివ్వండి, ముందూ వెనకా చేతులు సబ్బుతో కడగాలి. చలి రాత్రిళ్లకు గోనెసంచి రెండు మడతలేసి, నేల తేమ తగలకుండా కింద ఒక అట్ట పెట్టండి, తడిస్తే మార్చండి. పిల్లలకు ఆరో వారం నిండగానే నాలుగింటికీ మొదటి సూది వేయించే ఏర్పాటు చూడండి. మీరు తీసుకునేది ఒక్కటే అయినా, ఒకదానికి పార్వో వస్తే నాలుగింటికీ వస్తుంది. తల్లికి పాలు ఆగాక ఆపరేషన్ కోసం మున్సిపాలిటీ వాళ్లకు గానీ, కుక్కలకు ఆపరేషన్లు చేసే సంస్థకు గానీ ఇప్పుడే చెప్పి ఉంచండి.